నాన్న తిట్ల లెక్క

3, సోమవారం

ఇరవై సిట్టింగుల్లో ఒకటి అయింది. పోను ముప్ఫై ఎనిమిది కిలోమీటర్లు, రాను ముప్ఫై ఎనిమిది. నాన్న తిట్లు ఇరవై మూడు.

కావాలని లెక్కపెట్టలేదు. రైల్వే గేటు దాటేసరికే ఏడు పడ్డాయి, అక్కణ్ణుంచి లెక్క దానంతటదే మొదలైంది. "కళ్ళు నెత్తికెక్కాయా?" మూడుసార్లు. "నీకు లైసెన్సిచ్చిన మహానుభావుడు ఎవడో చూపించు, ఒకసారి దణ్ణం పెట్టుకుంటా," ఒకసారి. దగ్గరుండి ఇప్పించింది తనే. మిగతావి రాయదగ్గవి కావు.

అంబులెన్సు మాట్లాడదామని అమ్మ అంటే ఒప్పుకోలేదు. "పడుకుని పోవాల్సిన బండి ఎలాగూ ఒకరోజు వస్తుంది. దానికింకా టైముంది," అన్నాడు. కారు సీటేమో మరీ కిందికి ఉంటుంది, నడుం వంచి అందులో కూర్చోలేడు. మా పికప్ సీటు సరిగ్గా ఆయన నడుం ఎత్తు. వెనక్కి తిరిగి ఆనుకుంటే, నేను కాళ్ళు ఎత్తి లోపల పెడతాను. అంతవరకూ బాగానే ఉంటుంది. బండి కదిలాకే కష్టం.

ఖాళీ బండి కదా, మేకలాగా ఎగురుతోంది. వెనక కమాన్లు, అంటే ఇనప పట్టీల స్ప్రింగులు, టన్ను బరువు మొయ్యడానికి కట్టినవి. వెన్నుపూసలో గడ్డ పెట్టుకుని ఒక మనిషి ముందు సీట్లో కూర్చుంటాడని వాటికేం తెలుసు. పదకొండేళ్ళుగా ఇదే బండిలో టైల్సూ, సింకులూ మోస్తున్నాను. ఒక్క టైలు పగలలేదని గొప్పగా చెప్పుకునేదాన్ని.

ముప్ఫై ఐదేళ్ళు లారీ తోలిన మనిషికి పక్క సీట్లో కూర్చోవడం అసలు జబ్బు కంటే పెద్ద జబ్బు. దారంతా ఆయన కుడికాలు అక్కడ లేని బ్రేకు తొక్కుతూనే ఉంది. తొక్కి తొక్కి కింద రబ్బరు చాప పక్కకి జరిగిపోయింది.

ఆస్పత్రిలో కరెంటు పెట్టడం, అదే రేడియేషన్, పది నిమిషాల పని. నొప్పి తగ్గుతుందన్నారు. తగ్గించడానికి తీసుకెళ్తూ, దారి పొడుగునా నేనే పెంచుతున్నాను.

4, మంగళవారం

పొద్దున్నే టైర్లలో గాలి బాగా దింపించాను. గాలి షాపతను, "అక్కా, టైర్లు తొందరగా పోతాయి," అన్నాడు. పోతే పోనీ. తిట్లు పంతొమ్మిది.

నాలుగు తగ్గాయి.

5, బుధవారం

ఇవాళా పంతొమ్మిదే. ఒక్క మామగారి దగ్గరే నాలుగు.

ఈ దారిలో గోతులన్నిటికీ నాన్న ఎప్పుడో పేర్లు పెట్టాడు. బడి ముందు రెండు స్పీడు బ్రేకర్లూ అక్కాచెల్లెళ్ళు. వంతెన మీద అతుకులు పేకముక్కలు. సిమెంటు గోడౌను ముందు రోడ్డుకి అడ్డంగా ఉన్న పెద్ద గొయ్యి మామగారు. ఎంతటివాడైనా అక్కడ ఆగి, వంగి, నమస్కారం పెట్టి పోవాల్సిందేనట. అమ్మ వాళ్ళ నాన్న బతికున్నప్పుడు పెట్టిన పేరు. అమ్మకి ఇప్పటికీ కోపమే.

ఎడమపక్క మట్టిలోకి దింపితే మామగారిని సగం తప్పించుకోవచ్చు. రేపు ఇంకాస్త దింపి చూస్తాను.

6, గురువారం

ఇసుక! ఇంత చిన్న సంగతి మూడు రోజులు తట్టలేదు నాకు. లోడున్న బండి ఎప్పుడైనా ఎగిరిందా? ఎనిమిది ఇసుక మూటలు తెచ్చి, వెనక ఇరుసు మీదికి వచ్చేలా పేర్చాను. బండి ఒళ్ళు బరువెక్కి బుద్ధిమంతురాలైంది.

అమ్మ గుమ్మంలో నిలబడి చూసి, "ఇంత ఇసుక ఎందుకే, ఇల్లు కడతావా?" అంది.

"బరువు కోసం అమ్మా."

నాన్న వరండాలోంచి, "బరువు కావాలంటే ఇంట్లో ఉన్నదాన్ని ఎక్కించక, బయట్నుంచి తేవడం ఎందుకు?" అన్నాడు. అమ్మ చేతిలో ఉన్న తువ్వాలు ఆయన మీదికి విసిరింది. ఆయన నవ్వబోయి నడుం పట్టుకున్నాడు.

తిట్లు పన్నెండు. పన్నెండంటే సగం.

7, శుక్రవారం

పదకొండు. ఐదు సిట్టింగులయ్యాయి.

9, ఆదివారం

సెలవు. బండి తీసుకుని కమాన్ల షెడ్డుకి వెళ్ళాను. షెడ్డు ఆయన్ని నేను మామయ్యా అనే పిలుస్తాను, నాన్నని ఆయన అన్నా అంటాడు. నాన్న లారీ కమాన్లన్నీ ఈయన చేతుల మీదుగా వెళ్ళినవే. చెవి సరిగ్గా వినిపించదు. సమ్మెట దెబ్బల మధ్య నలభై ఏళ్ళు గడిపాక ఎలా వినిపిస్తుంది. అందుకని అందరితో అరుస్తాడు, రహస్యాలు కూడా.

"రెండు పట్టీలు తీసెయ్యమంటావా? తీస్తా! మెత్తగానే ఉంటుంది! కానీ ఇదిగో, ఇసుక దింపెయ్యాలి! తెలిసిందా?"

"ఎందుకు మామయ్యా? రెండూ ఉంటే ఇంకా మెత్తగా ఉంటుంది కదా."

"ఉంటుంది! మెత్తగా కిందికి దిగి, దిగి, గోతిలో పడ్డప్పుడు ఇరుసు వచ్చి అడుగున కొడుతుంది! అప్పుడు కమాను లేనట్టే! ఇనుము మీద ఇనుము!"

అటు రెండు, ఇటు రెండు పట్టీలు తీశాడు. ఏడుకి ఐదు మిగిలాయి. పట్టీల మధ్య గ్రీజు పెట్టాడు, కొత్త రబ్బరు బుష్షులు వేశాడు. తీసిన నాలుగు పట్టీలూ గోడకి ఆనించి పెట్టి, "అన్నని అడిగానని చెప్పు! నేనే వచ్చి చూసేవాణ్ణి, చూడలేక రాలేదు!" అని వీధంతా వినిపించేలా అన్నాడు.

ఈ పట్టీలు మళ్ళీ వేసేదాకా లోడు ఎత్తకూడదు. టైల్స్ షాపాయనకి ఫోన్ చేసి ఈ నెల రానని చెప్పాను. "నెల తర్వాతైనా వస్తావా?" అన్నాడు. వస్తానన్నాను.

ఇసుక అంతా దించలేదు. నాలుగు మూటలు ఉంచాను. నాలుగు ఏం చేస్తాయి.

10, సోమవారం

రాయలేను.

11, మంగళవారం

నిన్నటిది రాయాలి. లేకపోతే దాన్ని నాకు కావలసినట్టు మార్చేసుకుంటాను.

పోతున్నప్పుడు బ్రహ్మాండంగా ఉంది. అక్కాచెల్లెళ్ళ మీద పడవలాగా ఎక్కి దిగింది. నాన్న ఆశ్చర్యపోయి, "ఏం చేశావే?" అన్నాడు. చెప్పాను. "లోడు బండి పట్టీలు తీస్తారటే ఎవరైనా," అన్నాడు కానీ, ఆ మాటలో తిట్టు లేదు.

మామగారి దగ్గర ఎడమపక్క మట్టిలో సిమెంటు లారీ నిలబెట్టి ఉంది. ఎదురుగా బస్సు వస్తోంది. తప్పించడానికి చోటు లేదు. నాన్న బ్రేకు తొక్కాడు, నేనూ తొక్కాను. ముందు చక్రాలు దిగి ఎక్కాయి. వెనకవి దిగి, కమాను మెత్తగా కుంగి, కుంగి, అప్పుడు కింద ఇనుము మీద ఇనుము కొట్టింది.

ఆయన తిట్టలేదు. ఆయన నోట్లోంచి ఒక చప్పుడు వచ్చింది. అది మాట కాదు. అమ్మ అక్కడ లేదు, అది నాకు మాత్రమే తెలుసు.

బండి పక్కకి ఆపాను. నీళ్ళిచ్చాను. కాసేపటికి, "పద, అక్కడ లైన్లో వెనకబడతాం," అన్నాడు.

నాలుగు మూటలు ఏం చేస్తాయని రాశాను. ఈ చేత్తోనే రాశాను.

ఇవాళ పొద్దున్న ఇసుక మొత్తం దించేశాను. ఇవాళ తిట్లు తొమ్మిది. ఇసుక లేకుండా, ఐదు పట్టీలతో, సగం గాలితో బండి సరిగ్గా కుదిరింది. మామయ్య చెప్పినట్టు ముందే చేసి ఉంటే.

12, బుధవారం

ఐదు.

ఐదంటే ఐదే! సీటు మీద కొత్త స్పాంజి కూడా వేశాను. అది కూడా పనిచేసినట్టుంది.

13, గురువారం

మూడు. దించడానికి ఇవాళ వార్డు మనిషి సాయం కావలసి వచ్చింది. రోజూ నేనొక్కదాన్నే దించుతాను. కరెంటు వల్ల నీరసం వస్తుందని మొదటే చెప్పారు, అదే అయి ఉంటుంది. పదకొండో సిట్టింగు నుంచి తేరుకుంటారని పక్క మంచం ఆవిడ అంది.

14, శుక్రవారం

రెండు. పది సిట్టింగులయ్యాయి, సగం దారి.

తిరుగు ప్రయాణంలో ఒక తమాషా జరిగింది. ఇంటికొచ్చి చూస్తే నాన్న కుడికాలికి చెప్పు లేదు. "ఎక్కడ పోయింది నాన్నా?" అంటే, తనూ కిందికి చూసుకుని, "ఇప్పటిదాకా ఉందే," అన్నాడు. బండి వెనక్కి తిప్పి వెతుక్కుంటూ వెళ్ళాను. ఆస్పత్రి గేటు దగ్గరే పడి ఉంది, ఎక్కిస్తున్నప్పుడే జారిపోయినట్టుంది. ముప్ఫై ఎనిమిది కిలోమీటర్లు ఒంటి చెప్పుతో వచ్చాడు మా నాన్న, ఆ సంగతి తెలియకుండానే. దారంతా హాయిగా కునుకు తీశాడు మరి. కునుకు పట్టేలా బండి తోలగలిగానంటే ఇంకేం కావాలి.

ఈ మాట చెప్పి అమ్మని నవ్విద్దామనుకున్నాను. అమ్మ నవ్వలేదు. చెప్పు కడుక్కొచ్చి మంచం కింద పెట్టింది.

16, ఆదివారం

అన్నం సగం వదిలేశాడు. మందులు మార్చారు కదా.

17, సోమవారం

సున్నా!!

పోను ఒక్క తిట్టు లేదు, రాను ఒక్క తిట్టు లేదు. పేకముక్కల మీద, అక్కాచెల్లెళ్ళ మీద, మామగారి పక్కనుంచి. నాన్న కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. లేని బ్రేకు కూడా తొక్కలేదు. రబ్బరు చాప పొద్దున్న నేను సర్దిన చోటే ఉంది. పదకొండేళ్ళలో నా పక్కన కూర్చుని ఆ కాలు ఊరుకోవడం ఇదే మొదటిసారి. నా మీద నమ్మకం వచ్చిందన్నమాట.

ఇంటి ముందు ఆపాక నాన్న అన్న మాట ఉన్నదున్నట్టు రాసుకుంటున్నాను: "బాగా తోలావమ్మా."

అమ్మా అన్నాడు. ఒరేయ్ అనలేదు, డ్రైవరూ అని వెక్కిరించలేదు. నేను బండి నేర్చుకున్న రోజు నుంచీ ఎదురుచూసిన మాట. గాలి దింపించి, ఇసుక మోసి, పట్టీలు తీయించి సంపాదించుకున్న మాట. కమాన్ల మామయ్యకి ఫోన్ చేసి చెప్పాను. ఆయనకి వినిపించలేదు, నాలుగుసార్లు అరవాల్సి వచ్చింది. చివరికి, "అన్న అట్లా అన్నాడా?" అన్నాడు, అంతటితో ఫోన్ ఆగిపోయింది. లైను తెగిందనుకున్నాను.

18, మంగళవారం

బల్ల మీద పడుకోబెట్టాక సిస్టర్ నాన్న చెప్పులు తీసి, తన జేబులోంచి తాళం చెవి తీసి పాదం కింద మడమ నుంచి వేళ్ళదాకా గీసింది. "తెలుస్తోందా?" అంది. "తెలుస్తోంది," అన్నాడు నాన్న. "ఏ కాలు?" అంది. నాన్న పైకప్పు వైపు చూస్తూ ఎడమకాలన్నాడు.

ఆమె గీసింది కుడికాలు. రెండోదీ గీసింది. తర్వాత డాక్టర్ని పిలిచింది.

నడుం కిందికి స్పర్శ పోయింది. నరం నొక్కుకుపోయిందట. నొప్పి తెలియడం లేదు, కుదుపు తెలియడం లేదు, చెప్పు జారిపోయినా తెలియలేదు.

వరండాలో డాక్టర్ని పట్టుకుని అడిగాను, "సార్, పోయిన సోమవారం బండి గోతిలో పడింది. గట్టిగా కొట్టింది. దాని వల్లేనా?"

"గడ్డ వల్ల. ఆ కుదుపు లేకపోయినా ఇదే జరిగేది."

"ఇసుక దింపమన్నారు సార్, నేను నాలుగు మూటలు ఉంచాను."

"ఇసుకేమిటమ్మా?" అన్నాడు. చెప్పాను. ఓపిగ్గానే విన్నాడు. "మీరేం చేసినా ఇదే జరిగేది," అన్నాడు మళ్ళీ. మూడోసారి అడిగితే గడియారం చూసుకున్నాడు. మిగతా సిట్టింగులు పూర్తి చేస్తే కొందరికి కొంత స్పర్శ వెనక్కి వస్తుందన్నాడు. కొందరికి.

ఇదే జరిగేదట. ఎప్పుడు జరిగేదో చెప్పలేదు.

19, బుధవారం

అమ్మకి తెలుసు. గురువారం నుంచీ తెలుసు. "చెప్పొద్దన్నారే మీ నాన్న. దాని లెక్క తగ్గుతుంటే ఎంత సంబరపడుతోందో చూశావా, చెప్పకు, అన్నారు." నేను తిట్లు లెక్కపెడుతున్నానని నాన్నకి తెలుసన్నమాట. నేను గాలి దింపించి, పట్టీలు తీయించి, స్పాంజి వేస్తుంటే, పక్క సీట్లో కూర్చుని ఆయన నా తిట్లు ఒక్కొక్కటే తగ్గిస్తూ వచ్చాడన్నమాట. ఎన్ని నిజంగా తగ్గాయో, ఎన్ని ఆయన మింగేశాడో ఇంక తేలదు.

అమ్మ మీద అరిచాను. తర్వాత ఇద్దరం వంటింట్లో కూర్చుని ఏడ్చాం. అన్నం మాడింది.

ఇవాళ నాన్నని టవల్‌తో సీటుకి కట్టి తీసుకెళ్ళాను. పడుకునే బండి ఇప్పుడూ వద్దన్నాడు. వంతెన దాటాక తనంతట తనే అన్నాడు, "నాకు ఆదివారం నాడే కాళ్ళు బరువెక్కాయి. నువ్వు షెడ్డుకి వెళ్ళావు చూడు, ఆ పొద్దున్నే. నీ గోతికీ దీనికీ ఏం సంబంధం లేదు."

"అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"చెబితే బండి బయటికి తీసేదానివా?"

నేను తలూపాను. నమ్మానని అనుకున్నాడు. కిటికీ వైపు తిరిగాడు.

సోమవారం నాడు మామగారి ముందు నాన్న బ్రేకు తొక్కాడు. నేను చూశాను. కుడికాలు లేచి, పూర్తి బలంతో చాప మీద పడింది. పదకొండో తేదీన ఈ పుస్తకంలోనే రాసి పెట్టుకున్నాను, నాన్న బ్రేకు తొక్కాడు, నేనూ తొక్కాను అని. బరువెక్కిన కాలు అలా లేవదు.

ఆయనకి ఈ మాట ఎప్పటికీ చెప్పను.

20, గురువారం

వెళ్ళొచ్చాం. సున్నా.

21, శుక్రవారం

సున్నా. ఈ లెక్క ఎందుకు రాస్తున్నానో.

23, ఆదివారం

నాన్న పొద్దున్నే పిలిచి, "పట్టీలు మళ్ళీ వేయించు," అన్నాడు.

"ఇంకో ఐదు సిట్టింగులున్నాయి నాన్నా. అయ్యాక వేయిస్తా."

"మెత్తదనం ఎవరికే ఇప్పుడు? నాకా?" అని నవ్వాడు. "బండిని బండిలా ఉంచు. షాపాయన ఇంకొకణ్ణి పెట్టుకుంటే రేపు నువ్వేం మోస్తావు, ఇసకా?"

షెడ్డుకి వెళ్ళాను. మామయ్య ఈసారి అరవలేదు. గోడకి ఆనించిన నాలుగు పట్టీలూ తుడిచి, ఎక్కడివి అక్కడ పేర్చి బిగించాడు. చేతులు తుడుచుకుంటూ, "అన్నకి చెప్పు," అన్నాడు. ఏం చెప్పాలో చెప్పలేదు. నేను విన్న ఆయన మాటల్లో మెల్లగా అన్నది అదొక్కటే.

దారిలో టైర్లలో గాలి నిండా పట్టించాను.

24, సోమవారం

బండి మళ్ళీ మేక అయింది. డాష్‌బోర్డు మీద సామాను కూడా నిలవడం లేదు. నాన్న కట్టేసిన చోట అటూ ఇటూ ఊగుతున్నాడు. నేను మాత్రం ప్రతి గతుకూ నా నడుంలో దిగినట్టు పళ్ళు బిగించి తోలుతున్నాను. సున్నా.

సిస్టర్ తాళం చెవితో గీసింది. తెలియలేదు.

25, మంగళవారం

తెలియలేదు.

26, బుధవారం

ఎడమ బొటనవేలు కదిలిందని నాకు అనిపించింది. సిస్టర్ లేదంది. నాన్న, "దానికి కదిలిందనిపిస్తే కదిలినట్టే రాసుకోండి," అన్నాడు.

27, గురువారం

తెలియలేదు. రేపే చివరిది.

28, శుక్రవారం

ఇరవై అయ్యాయి. కాగితాలన్నీ ఒక సంచిలో పెట్టి ఇచ్చారు. సిస్టర్ చివరిసారి రెండు పాదాలూ గీసి, తాళం చెవి జేబులో పెట్టుకుని, నాన్న దుప్పటి సర్దింది.

తిరిగి వస్తుంటే సిమెంటు గోడౌను కనిపించింది. ఇటు ఎడమపక్క మట్టిలోనూ ఏ లారీ లేదు. ఎదురుగా ఏ బండీ లేదు. దింపడానికి కావలసినంత చోటుంది. నేను స్టీరింగు తిప్పలేదు. ఎందుకు తిప్పలేదో నాకు తెలుసు. కొందరికి స్పర్శ వెనక్కి వస్తుందని డాక్టరు అన్నాడు. నేను రోడ్డు చూడడం మానేసి నాన్న కుడికాలు చూస్తున్నాను.

ముందు చక్రాలు పడ్డాయి. వెనకవి పడ్డాయి. ఖాళీ బండి, ఏడు పట్టీలు, నిండా గాలి. వెనక జాకీ లేచి తొట్టిలో పడింది. నాన్న టవల్ కట్టు వదులై ముందుకి తూలాడు. నేను చెయ్యి అడ్డం పెట్టాను.

కాలు కదలలేదు. మడమ ఎక్కడుందో అక్కడే ఉంది.

గోడౌను గోడ అయిపోయింది. నేను ముందుకి చూస్తూ తోలుతున్నాను, కళ్ళు నిండిపోయి రోడ్డు సరిగ్గా కనబడటం లేదు. నాన్న నా వైపు తిరిగినట్టు తెలిసింది. చాలాసేపు చూశాడు. నేను దేనికోసం ఎదురుచూస్తున్నానో ఆయనకి అర్థమైంది. నా ముఖంలో ఆయన చదవనిది ఏముంది కనక.

"కళ్ళు నెత్తికెక్కాయా?" అన్నాడు.

గొంతులో బలం లేదు. గొయ్యి దాటి అప్పటికే అర కిలోమీటరు వచ్చేశాం.

"ఎక్కాయి నాన్నా."

"ఎక్కక ఏం చేస్తాయి. నీకు లైసెన్సిచ్చిన మహానుభావుడు ఎవడో గానీ..." అని ఆగాడు. ఊపిరి తీసుకున్నాడు. మళ్ళీ మొదలుపెట్టాడు. వంతెన పొడుగునా తిట్టాడు. పాతవన్నీ వరసగా, ఏదీ వదలకుండా, మధ్యమధ్య ఆగి, అలిసిపోతూ. రాయదగ్గనివి కూడా. నేను బండి మెల్లగా పోనిచ్చాను, వంతెన తొందరగా అయిపోతుందేమోనని.

లెక్కపెట్టలేదు.

29, శనివారం

ఇవాళ ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు.

అయినా పొద్దున్నే లేచి టైర్లలో గాలి చూశాను. సరిగ్గానే ఉంది.